‘అది మాలాంటి వాళ్లకు కాదు’ అన్న అమ్మాయికి ఏమి చెప్పాలి?

#1 శనివారం పాఠం (అట్లాంటా)

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ప్రతి శనివారం ఉదయం మా ఇంటికి దగ్గరలోని గ్రంథాలయంలో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. వచ్చేవారిలో దాదాపు అందరూ నల్లజాతి పిల్లలే. పోయిన వారం శాతాలు, వడ్డీ లెక్కలు చెబుతూ, ‘‘మీలో ఎవరికైనా సొంత వ్యాపారం పెట్టాలని ఉందా?’’ అని మాటవరసకు అడిగాను. ఒక్క అబ్బాయి చెయ్యెత్తాడు. వెనక బల్ల దగ్గర కూర్చున్న పదిహేడేళ్ల అమ్మాయి, ‘‘అది మాలాంటి వాళ్లకు కాదు టీచర్, మా ఇంట్లో ఎవరూ చేయలేదు’’ అంది. బాధపడుతూ అన్నది కాదు. ఆరోజు వాన పడుతోందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

తరగతి అయిపోయాక మాటల్లో తెలిసింది. ఆ అమ్మాయి రెండేళ్లుగా వారాంతాల్లో జడలు అల్లుతోంది. చుట్టాలు, చర్చిలో తెలిసినవాళ్లు, వాళ్లు చెప్పగా వచ్చినవాళ్లు. సన్న జడలు అల్లితే తలకు 80 డాలర్లు. నెలకు ఆరేడుగురు వస్తారట. ‘‘మరి ఇది వ్యాపారం కాదా?’’ అని అడిగితే, ‘‘ఇది చేతి ఖర్చులకు’’ అంది.

నేను జీతం మీద బతికిన మనిషిని. వ్యాపారం గురించి నాకు తెలిసింది తక్కువ. అయినా ఆ అమ్మాయికి ఏదైనా చెప్పాలి, ఉపన్యాసంలా మాత్రం ఉండకూడదు. వచ్చే శనివారానికి ఏమి పట్టుకెళ్లమంటారు?

#2 పాత కాగితాలు (సెయింట్ లూయిస్)

అమ్మా, మీరున్న ఊరే సగం జవాబు. 1858లో జార్జియాలో బానిసగా పుట్టిన అలాంజో హెర్న్‌డన్ క్షురకుడిగా పని నేర్చుకుని అట్లాంటాకు వచ్చాడు. పీచ్‌ట్రీ వీధిలో అతని దుకాణం ఊరంతటికీ పేరుపడింది. 1905లో చిన్న బీమా సంఘాలను కొని అట్లాంటా లైఫ్ బీమా కంపెనీకి పునాది వేశాడు. మరుసటి ఏడాదే నగరంలో నల్లజాతి వారి మీద జరిగిన దాడుల్లో అతని దుకాణమూ దెబ్బతింది. మళ్లీ తెరిచాడు.

జడల సంగతి అన్నారు కనుక మా ఊరి మాట చెప్పకుండా ఉండలేను. మేడమ్ సి.జె. వాకర్ అసలు పేరు సారా బ్రీడ్‌లవ్. 1867లో లూసియానాలో పుట్టింది. ఆ ఇంట్లో బానిసత్వం పోయాక పుట్టిన మొదటి బిడ్డ ఆమే. సెయింట్ లూయిస్‌లో ఏళ్ల తరబడి బట్టలు ఉతికింది. రోజుకు ఒకటిన్నర డాలరు వస్తే గొప్ప. జుట్టు రాలిపోతుంటే మందు కోసం వెతుక్కుంటూ, ఇదే ఊళ్లో జుట్టు నూనెలు, లేపనాలు అమ్ముతున్న ఆనీ మలోన్ దగ్గర అమ్మకందారుగా చేరింది. తర్వాత సొంత సరుకు తయారుచేసి 1910లో ఇండియానాపోలిస్‌లో స్థిరపడి కర్మాగారం పెట్టింది. 1912లో నల్లజాతి వ్యాపారుల మహాసభలో, ఆ సంఘం అధ్యక్షుడైన నల్లజాతి నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్ ఆమెకు మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. చివరి రోజున తనే లేచి నిలబడి, పత్తి చేల నుంచి బట్టల తొట్టె దగ్గరకు, అక్కడి నుంచి వంటింటికి, అక్కడి నుంచి వ్యాపారంలోకి తనకు తానే ఎలా వచ్చిందో చెప్పింది.

నాకు ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది కర్మాగారం కాదు. సారాకు ముందు ఆనీ ఉంది. జుట్టు మీద బతకవచ్చని సారా కళ్లతో చూసింది.

#3 కృష్ణాతీరం (న్యూజెర్సీ)

చర్చ మంచిదే. కానీ ఒక మాట అడగనివ్వండి. మనం రెండు పెట్టెలతో ఈ దేశానికి వచ్చాం. తెలిసినవాళ్లు లేరు, యాస అర్థమయ్యేది కాదు. మన గుజరాతీ సోదరులు మోటళ్లు పెట్టారు, మనవాళ్లు సాఫ్ట్‌వేర్ సంస్థలు పెట్టారు. ఇక్కడే పుట్టి, భాష వచ్చి, పౌరసత్వం ఉన్న పిల్లలు ‘మాకు కాదు’ అనుకుంటే అది మనసులోని అడ్డు కాదా? ఎవరినీ తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కారణం తెలియకపోతే మందు ఎలా వేస్తాం అని అడుగుతున్నాను.

#4 పద్దు పుస్తకం (షార్లెట్)

కృష్ణాతీరం గారూ, నిజాయితీగా అడిగారు కాబట్టి నేనూ సూటిగా చెబుతాను. నా వృత్తి చిన్న వ్యాపారాల లెక్కలు చూడడం.

రెండు పెట్టెల్లో ఏమున్నాయో గుర్తు చేసుకోండి. ఒకదానిలో ఇంజినీరింగ్ పట్టా ఉంది. దాని వెనక ఫీజు కట్టిన తండ్రి, పొలం తాకట్టు పెట్టిన తాత ఉన్నారు. 1965కు ముందు భారతదేశం నుంచి ఏడాదికి వందమందికే ఇక్కడ స్థిరపడే వీలుండేది. ఆ ఏడాది అక్టోబరులో వలస చట్టం మారింది. అంతకు రెండు నెలల ముందు ఓటు హక్కు చట్టం వచ్చింది. రెండూ నల్లజాతి వారి పౌరహక్కుల పోరాటపు వేడిలోనే వచ్చినవి, ఆ పోరాటంలో దెబ్బలు తిన్నది ఈ పిల్లల తాతలు, అవ్వలు.

ఇక డబ్బు సంగతి. అమెరికా కేంద్ర బ్యాంకు 2022లో చేసిన సర్వే ప్రకారం తెల్లజాతి కుటుంబపు మధ్యస్థ ఆస్తి 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబానిది 44,900. చిన్న వ్యాపారానికి మొదటి పెట్టుబడి బ్యాంకు ఇవ్వదు. ఇంటి మీద తీసుకున్న అప్పు, మామయ్య ఇచ్చిన చేబదులు, భార్య జీతం, ఇవే ఇస్తాయి. ఇల్లే లేనివాడు దేనిమీద తీసుకుంటాడు? 1930ల్లో ప్రభుత్వమే పటాలు గీసి, నల్లజాతి పేటలకు ఎర్ర రంగు వేసి, అక్కడ ఇంటి అప్పు ప్రమాదకరమని ముద్ర వేసింది. ఆ ఎరుపు ఈనాటి ఆస్తుల పట్టికలో ఇంకా కనిపిస్తుంది.

దీనికి ఇంకో పక్క ఉంది. నా దగ్గరకు వచ్చే వ్యాపారుల్లో మొదటి ప్రయత్నంలో నిలదొక్కుకున్నవారు తక్కువ. మునిగినప్పుడు తల్లిదండ్రుల ఇంట్లో ఆరు నెలలు ఉండగలిగినవాడు రెండోది పెడతాడు. ఆ ఆరు నెలలు లేనివాడు ఉద్యోగం వెతుక్కుంటాడు. అతన్ని మీరు పిరికివాడు అంటారా?

#5 పాత కాగితాలు (సెయింట్ లూయిస్)

పద్దు పుస్తకం గారి మాటకు ఒక పుట కలుపుతాను. బానిసత్వం పోయిన 1865లోనే విముక్తులైన వారి కోసం ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకు పెట్టారు. కూలి డబ్బులు, సైనికుల జీతాలు అందులో దాచుకున్నారు. నిర్వాహకుల దుర్వినియోగం వల్ల 1874లో అది మూతపడింది. 61 వేలకు పైగా ఖాతాదారులవి దాదాపు 30 లక్షల డాలర్లు ఇరుక్కుపోయాయి. చివరి నెలల్లో దానికి అధ్యక్షుడిగా వచ్చిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ తన సొంత డబ్బు వేసినా నిలబడలేదు. ‘బ్యాంకును నమ్మకు’ అని ఒక ముసలమ్మ మనవడికి చెబితే, అది ఊహ కాదు, అనుభవం.

తుల్సాలో నల్లజాతి వ్యాపారాలతో కళకళలాడిన గ్రీన్‌వుడ్ పేట సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. 1921 మే 31, జూన్ 1 తేదీల్లో తెల్లజాతి గుంపులు అక్కడ 35 బ్లాకులు తగలబెట్టాయి. హోటళ్లు, సినిమా హాళ్లు, వైద్యుల గదులు అన్నీ పోయాయి. అల్లర్లకు వర్తించదంటూ బీమా కంపెనీలు పరిహారం ఎగ్గొట్టాయి. అయితే ఆ కథను అక్కడ ఆపేయకండి. వాళ్లు తిరిగి కట్టుకున్నారు. నాలుగేళ్లకే నల్లజాతి వ్యాపార సంఘం తన జాతీయ సభను తుల్సాలోనే జరుపుకుంది. తర్వాత దశాబ్దాల్లో పట్టణ పునరుద్ధరణ పేరుతో, రహదారి పేరుతో ఆ పేటను మళ్లీ చీల్చారు. అట్లాంటాలో నల్లజాతి వ్యాపారాల వీధి అయిన ఆబర్న్ అవెన్యూ మీదుగా పెద్ద రహదారి వెళ్లినట్టే.

#6 కృష్ణాతీరం (న్యూజెర్సీ)

ఇద్దరికీ ధన్యవాదాలు. బీమా సంగతి నాకు తెలియదు. 1965 సంగతి తెలుసు కానీ ఆ రెండు చట్టాలను పక్కపక్కన పెట్టి ఎప్పుడూ చూడలేదు. నా ప్రశ్నలో సగం వెనక్కి తీసుకుంటున్నాను.

మిగిలిన సగం మాత్రం ఉంచుతాను. పదిహేడేళ్ల పిల్లకు మనం ఈ చరిత్ర అంతా ఒకేసారి చెబితే, ‘చూశారా, నేను అన్నదే నిజం’ అని ఆమె పుస్తకం మూసేయదా? గాయం చెప్పాలి, నిజమే. గాయం ఒక్కటే చెబితే ఆమె మాటకే సాక్ష్యం చూపించినట్టు అవుతుంది. శనివారం ఉదయానికి ఏమి పట్టుకెళ్లాలి అని కదా ఆ టీచరు గారు అడిగింది.

#7 దుకాణం మెట్లు (మెంఫిస్)

పాతికేళ్లుగా పెట్రోలు బంకు, దానికి ఆనుకుని చిన్న దుకాణం నడుపుతున్నాను. కొనేవాళ్లలో నూటికి తొంభైమంది నల్లజాతి వారు. నా బతుకు వాళ్ల డబ్బుతో నడిచింది, అందుకని ఈ విషయం నాకు దూరపు విషయం కాదు.

తొమ్మిదేళ్ల కిందట నా గల్లాపెట్టె దగ్గర పనిచేసిన కుర్రాడు ఒకరోజు అడిగాడు: ‘‘ఈ చిప్స్ మీకు ఎంతకు వస్తాయి?’’ నేను చెప్పలేదు. మేం ఆ సంగతి బయటివాళ్లకు చెప్పం. ఆ రాత్రి ఆలోచించాను. నేను వచ్చిన కొత్తలో మా ఊరి ఆయన ఒకరు నన్ను టోకు బజారుకు తీసుకెళ్లి, ఎవరి దగ్గర ఏది కొనాలో, ఎన్నిరోజులు అరువు అడగవచ్చో, ఏ సరుకులో మిగులు ఉంటుందో, ఏది ఊరికే చోటు తింటుందో, మూడు వారాలు తిప్పి చూపించాడు. ఆ మూడు వారాలే నా చదువు. ఈ కుర్రాడికి అలా తిప్పి చూపించే మనిషి ఎవరు?

మరుసటి సోమవారం అతన్ని బండి ఎక్కించుకుని టోకు బజారుకు తీసుకెళ్లాను. ధరల చీటీలు చూసి అతను ఎంతసేపు మాట్లాడలేదో నాకు గుర్తుంది. ‘‘ఇందులో రహస్యం ఏమీ లేదే’’ అన్నాడు చివరికి. ఇప్పుడు అతను వ్యాను వేసుకుని ఇళ్లకు వెళ్లి కార్లు కడిగే పని చేస్తున్నాడు, ఇద్దరికి పని ఇచ్చాడు. కోటీశ్వరుడు కాలేదు. నెల నెలా ఇంటి అద్దె కడుతున్నాడు.

ఇంకో సంగతి. జడల పని కాబట్టి చెబుతున్నాను. మాకు దక్షిణాన మిసిసిపీలో టుపెలో అనే ఊరుంది. అక్కడ మెలొనీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఆమె జడల దుకాణం పెట్టి, పదిమందికి నేర్పాలనుకుంటే రాష్ట్రం వేల గంటల శిక్షణ అడిగింది. ఆ శిక్షణలో జడ అల్లడం గురించి దాదాపు ఏమీ లేదు. ఆమె కోర్టుకు వెళ్లింది. 2005లో చట్టమే మారింది. 25 డాలర్లు కట్టి పేరు నమోదు చేసుకుంటే చాలు అన్నారు. మీ అమ్మాయికి ఆ కథ చెప్పండి, కానీ అంతకన్నా ముందు మీ రాష్ట్రంలో నిబంధన ఏమిటో తననే వెతకమనండి. నిబంధన చదవడం వ్యాపారంలో సగం.

జడల్లో కలిపే సవరాలు ఆ అమ్మాయి ఎక్కడ కొంటోంది, ఎంతకు కొంటోంది? అది కూడా అడగండి.

#8 పాలకొల్లు పెద్దమ్మ (హ్యూస్టన్)

సవరాల మాట వచ్చింది కాబట్టి చిన్న ముచ్చట. మా పక్కింటి నల్లజాతి అమ్మాయి తన విగ్గు చూపించి ‘‘ఇది ఇండియా జుట్టు’’ అంది. తిరుమలలో తలనీలాలు వేలం వేస్తారని, ఆ జుట్టు విగ్గుల కోసం దేశాలు దాటి వెళుతుందని చెప్పాను. ఆశ్చర్యపోయింది. జడల్లోకి ఎక్కువగా వాడేది కృత్రిమ సవరమే అనుకోండి. అయినా మన కొండ మీద మొదలైన సరుకు ఆ పిల్లల వీధిలో అమ్ముడుపోతోంది, మధ్యలో ఎన్ని చేతులు మారుతున్నాయో, ఎవరు ఎంత మిగుల్చుకుంటున్నారో పిల్లలతో లెక్క వేయిస్తే మంచి పాఠం అవుతుంది.

ఇంకొకటి. మన ఇళ్లలో ఈ మనుషుల గురించి మాట్లాడే తీరు మారాలి. ఇంట్లో ఒక మాట, తరగతిలో ఒక మాట అయితే పిల్లలు పసిగట్టేస్తారు.

#9 ఆస్టిన్ చిన్నది (ఆస్టిన్)

నేను ఇక్కడే పుట్టి పెరిగాను. తెలుగు అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నాను, తప్పులుంటే మన్నించండి.

మా హైస్కూల్లో ఏడాదికి ఒకసారి పెద్దలు వచ్చి తమ వృత్తుల గురించి చెప్పేవారు. నా నల్లజాతి స్నేహితుల కోసం గోడల మీద బొమ్మలు అతికించేవారు. ఒక బాస్కెట్‌బాల్ ఆటగాడు, ఒక గాయని, ఒక వెయ్యికోట్ల వ్యాపారి. నా స్నేహితురాలు ఒకసారి అంది: ‘‘వీళ్లందరూ లాటరీ తగిలినవాళ్లలా కనిపిస్తారు.’’ ఆ బొమ్మలు చూసి ఆమెకు ధైర్యం రాలేదు, దూరం తెలిసింది.

మా ఊరి మికైలా అల్మర్ కథ మాత్రం ఆమెకు నచ్చింది. ఎందుకో చెబుతాను. మికైలాకు నాలుగేళ్లప్పుడు రెండుసార్లు తేనెటీగలు కుట్టాయి. వాటి గురించి చదివి వాటిని కాపాడాలనుకుంది. ముత్తవ్వ రాసిచ్చిన అవిసె గింజల నిమ్మరసం పద్ధతి ఇంట్లో ఉంది. చక్కెరకు బదులు తేనె వేసి ఇంటి ముందు బల్ల పెట్టి అమ్మింది. తర్వాత టీవీ కార్యక్రమంలో డేమండ్ జాన్ అనే నల్లజాతి వ్యాపారి 60 వేల డాలర్లు పెట్టుబడి పెట్టాడు, పెద్ద దుకాణాల్లోకి సరుకు వెళ్లింది. కానీ నా స్నేహితురాలు పట్టుకున్నది ఆ చివరి భాగం కాదు. ‘‘మా అవ్వ దగ్గర కూడా ఒక పద్ధతి ఉంది’’ అంది.

ఆ డేమండ్ జాన్ కూడా న్యూయార్క్‌లో వీధిలో నిలబడి టోపీలు అమ్మినవాడే. తర్వాత వాళ్ల అమ్మ ఇంటిని తాకట్టు పెట్టి డబ్బు ఇచ్చింది. తాకట్టు పెట్టడానికి ఇల్లు ఉంది కాబట్టి ఇచ్చింది. పద్దు పుస్తకం గారు చెప్పింది ఇదే కదా.

#10 లాలాగూడ వర్క్‌షాపు (హైదరాబాద్)

ఇక్కడ రాయవచ్చో లేదో అనుకుంటూనే రాస్తున్నాను. నేను దళితుణ్ణి. ఇనుప పనుల చిన్న షెడ్డు ఉంది, పదకొండు మంది పనిచేస్తారు. మా నాన్న రైల్వే కార్ఖానాలో పనిచేశారు. వ్యాపారం అనగానే మా ఇంట్లో కూడా ఆ అమ్మాయి చెప్పిన మాటే: ‘‘అది కోమట్ల పని, మనది కాదు.’’

మా వాళ్లు నల్లజాతి వారిని చూసి నేర్చుకున్నది చాలా ఉంది. 2002లో భోపాల్ సభలో దళిత మేధావులు ప్రభుత్వ కొనుగోళ్లలో మాకూ వాటా కావాలని తీర్మానించినప్పుడు, అమెరికాలో నల్లజాతి వ్యాపారుల దగ్గర సరుకు కొనే పద్ధతినే ఆదర్శంగా చూపించారు. అట్లాంటా మేయరు మేనార్డ్ జాక్సన్ 1970ల్లో విమానాశ్రయం పనుల్లో నాలుగో వంతు నల్లజాతి తదితర మైనారిటీ జాతుల సంస్థలకు రావాలని పట్టుబట్టాడు. పనులు ఆగినా ఫరవాలేదు అన్నాడు. టీచరు గారూ, మీ ఊరి విమానాశ్రయానికి అతని పేరు ఊరికే పెట్టలేదు. మా దేశంలో 2012 నుంచి కేంద్ర సంస్థల కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి ఉండాలి. తెలంగాణలో 2014లో దళిత పారిశ్రామికుల కోసం టీ-ప్రైడ్ పథకం వచ్చింది.

ఇవన్నీ ఉపయోగపడ్డాయి. కానీ నన్ను నిలబెట్టింది ఏమిటో చెప్పమంటే, మొదటి ఆర్డరు. ఒక పాఠశాల కిటికీ చట్రాలు. ఇరవై రెండు కిటికీలు. ఇచ్చినాయన నన్ను మెచ్చుకోలేదు, ధైర్యం చెప్పలేదు. కొలతలు ఇచ్చి, సగం బయానా ఇచ్చి, తేదీ చెప్పాడు. నాతో వ్యాపారిలా మాట్లాడిన మొదటి మనిషి అతను. మీరు ఆ అమ్మాయితో అలా మాట్లాడండి.

#11 కృష్ణాతీరం (న్యూజెర్సీ)

వర్క్‌షాపు గారూ, మీరు రాయవచ్చా అని అడగడమే నాకు బాధ కలిగించింది. మీ టపా రెండుసార్లు చదివాను.

ఆ అమ్మాయి కోసం గ్రాంట్లు ఏమైనా ఉంటాయా? తెలిసినవారు చెప్పండి, నేనూ కొంత ఇవ్వడానికి సిద్ధం.

#12 పద్దు పుస్తకం (షార్లెట్)

గ్రాంట్ల దారి ఈమధ్య ఇరుకైంది. అట్లాంటాలోనే ఫియర్‌లెస్ ఫండ్ అని ఒక సంస్థ నల్లజాతి మహిళా వ్యాపారులకు 20 వేల డాలర్ల చొప్పున ఇచ్చేది. 2023లో దానిమీద దావా పడింది. బానిసత్వం నుంచి బయటపడ్డవారి హక్కుల కోసం చేసిన 1866 నాటి చట్టాన్నే ఆధారం చేసుకుని, జాతిని బట్టి ఇవ్వడం వివక్ష అని వాదించారు. 2024లో అప్పీలు కోర్టు ఆపమంది, ఆ ఏడాదే రాజీ కుదిరి ఆ గ్రాంటు మూతపడింది. నాకు ఇది అన్యాయంగా తోస్తుంది. పెద్ద పెట్టుబడి సంస్థల డబ్బులో నల్లజాతి వ్యవస్థాపకులకు చేరేది 1 శాతం కూడా లేని దేశంలో ఈ చిన్న తలుపు ఎవరికి అడ్డమైంది?

అందుకని ఇంకా తెరిచి ఉన్న దారులు చూడండి. 1921 నుంచి ఉన్న సిటిజన్స్ ట్రస్ట్ బ్యాంకు మీ ఊళ్లోనే ఉంది. హెర్మన్ రస్సెల్ పేరు మీద నల్లజాతి వ్యాపారుల కోసం పెట్టిన కేంద్రం అతని పాత కార్యాలయంలోనే నడుస్తోంది. ఆయన పదహారేళ్లకే స్థలం కొని ఇల్లు కట్టడం మొదలుపెట్టిన మనిషి. పిల్లలను ఒకరోజు అక్కడికి తీసుకెళ్లండి, ప్రసంగం కోసం కాదు, పనిచేస్తున్న మనుషులను చూడడానికి.

ఇంకో మాట. పెట్టుబడి కన్నా ముందు పద్దు. ఒక నోటు పుస్తకం ఇవ్వండి. ప్రతి తలకూ ఎంత వచ్చింది, సవరానికి ఎంత పోయింది, ఎన్ని గంటలు పట్టింది, సరుకు కొనడానికి వెళ్లివచ్చిన సమయంతో సహా రాయమనండి. ఏడాదికి ఖర్చులు పోను 400 డాలర్లు వస్తే చాలు, స్వయం ఉపాధి పన్ను లెక్క దాఖలు చేయాలి. నెలకు ఆరేడు తలలంటే ఆ గీత ఎప్పుడో దాటింది. భయపెట్టకండి, పద్దు ఉంటే నేను ఉచితంగా చూసిపెడతాను. పద్దెనిమిది నిండేవరకు ఖాతా తల్లితో కలిసి తెరవాలి.

#13 పాత కాగితాలు (సెయింట్ లూయిస్)

కృష్ణాతీరం గారూ, ఇవ్వాలనుకుంటే అప్పుగా ఇవ్వండి. జాన్ హెచ్. జాన్సన్ 1942లో తల్లి సామాన్లు తాకట్టు పెట్టి 500 డాలర్లు తెచ్చి పత్రిక మొదలుపెట్టాడు, మూడేళ్లకు ‘ఎబొనీ’ వచ్చింది. డెట్రాయిట్‌లో బెర్రీ గోర్డీ ఇంట్లోవాళ్లందరూ నెలనెలా వేసుకున్న నిధి నుంచి 800 డాలర్లు అప్పు తీసుకుని మోటౌన్ అనే పాటల రికార్డుల కంపెనీ పెట్టాడు. మన చిట్టీ లాంటిదే. కరీబియన్, పశ్చిమ ఆఫ్రికా కుటుంబాల్లో ‘సూసూ’ అని ఇప్పటికీ నడుస్తుంది. ఆ అమ్మాయి చర్చిలో అడిగి చూడమనండి, ఎవరో ఒకరు నడుపుతూ ఉంటారు.

#14 శనివారం పాఠం (అట్లాంటా), మూడు వారాల తర్వాత

అందరికీ ఆలస్యంగా రాస్తున్నాను.

మొదటి శనివారం నేను ఎవరి కథా చెప్పలేదు. పదకొండు నోటు పుస్తకాలు పట్టుకెళ్లాను, తరగతిలో అందరికీ. ‘‘ఈ నెలలో మీ చేతికి ఎవరి జీతమూ కాని డబ్బు వచ్చిందా?’’ అని అడిగాను. ఏడుగురికి వచ్చింది. గడ్డి కోయడం, పాత బూట్లు శుభ్రం చేసి అమ్మడం, చర్చి విందులకు కేకులు. వ్యాపారం అన్నప్పుడు ఒక్క చెయ్యి లేచిన గది అది.

మన అమ్మాయి లెక్క బల్ల మీద అందరం కలిసి వేశాం. తలకు 80 డాలర్లు. సవరానికి 22, జిగురుకు 2. మిగిలింది 56. అల్లడానికి ఆరు గంటలు, సరుకు కొనడానికి ఒక గంట. గంటకు 8 డాలర్లు. ఆ అంకె చూసి తనకు కోపం వచ్చింది. మూడు వారాల్లో నేను ఆ పిల్ల ముఖంలో చూసిన మంచి విషయం ఆ కోపమే. ‘‘నా పని ఇంతకన్నా విలువైనది’’ అంది. ఎవరూ చెప్పమనలేదు.

రెండో వారం కొత్త ధర తనే రాసుకొచ్చింది. 120 డాలర్లు, సవరం వచ్చేవాళ్లే తెచ్చుకోవాలి. ఇద్దరు రానన్నారట, నలుగురు ఒప్పుకున్నారు. గంటకు 19 డాలర్ల పైమాటే పడుతోంది. జార్జియాలో జడల అల్లికకు లైసెన్సు అక్కరలేదని కూడా తనే చదివి తేల్చింది. టుపెలో ఆమె కథ అప్పుడు చెప్పాను. వింటూ, ‘‘ఆమె గెలవడానికి ఎన్నేళ్లు పట్టింది?’’ అని అడిగింది.

అట్లాంటా లైఫ్ గురించి చెప్పబోతే తనకు ఆ భవనం తెలుసట, రోజూ బస్సులో ఆ దారినే వెళుతుందట. కట్టినవాడు క్షురకుడని మాత్రం తెలియదు.

వర్క్‌షాపు గారూ, మా కూతురి పెళ్లికి ముందు దాని స్నేహితురాళ్లు ముగ్గురు జడలు కావాలన్నారు. నేను సగం బయానా ఇచ్చి, తేదీ చెప్పి వచ్చాను. మన అమ్మాయి రసీదు రాసిచ్చింది.

పద్దు పుస్తకం గారూ, ఇప్పుడు తను అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ముగ్గురికి ఒకే రోజు అల్లాలంటే ఒక్కతే చేయలేదు, పదహారేళ్ల చుట్టాల పిల్లను సాయానికి పిలుస్తోంది. ఆ పిల్లకు గంటకు ఇంత అని ఇవ్వాలా, తలకు ఇంత అని ఇవ్వాలా?